విలాసిని చేచి నవ్విన సినిమా

మా ఒట్టపాలం సహకార సంఘంలో నేను గుమాస్తాగా చేరేనాటికే విలాసిని చేచికీ, దేవస్సి చేట్టన్‌కీ మాటల్లేవు. మా కేరళలో చేచి అంటే అక్క, చేట్టన్ అంటే అన్న. ఒక ఓణానికి ఆమె నడుం విరిగేలా వంగి పూలముగ్గు తీరిస్తే, ఆయన చూసి “మాడిన దోసెలా ఉందే” అన్నారట. ఆ రోజు నుంచి చేచి ఆయనతో పలకడం మానేసింది. చేచి షొర్ణూర్ నుంచి బస్సులో వచ్చేది. జ్వరమొచ్చినా సెలవు పెట్టేది కాదు. ఆమెకు తెలియని ఖాతాదారు లేడు, ఆమె నవ్వగా చూసినవాడూ లేడు.

ఇద్దరి బల్లల మధ్యా నన్ను కూర్చోబెట్టారు.

“సజితా, స్టాంపు ఇమ్మని ఆయనకి చెప్పు.”

“ఇంకుప్యాడు ఎండిపోయిందని ఆవిడకి చెప్పమ్మా.”

చెయ్యి చాస్తే అందే స్టాంపు నా మీదుగా వెళ్ళేది.

ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్ళ ప్రేమల మీద ఎవరో సినిమా తీస్తూ, సెలవురోజుల్లో మా ఆఫీసు అద్దెకు తీసుకున్నారు. హీరో, హీరోయిన్లకు పడదు. షాట్ అవగానే చెరో కారెక్కేవారు. వెనకాల కనిపించడానికి సిబ్బంది కావాలని డైరెక్టర్ హరిశంకర్ మమ్మల్ని పిలిచాడు. నన్ను చూసి, “మీ ముఖంలో దిగులెక్కువ, తలుపు వెనక ఉండండి” అన్నాడు. చేచినీ, చేట్టన్‌నీ మాత్రం ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

“మీరు పాత స్నేహితులు. ఒకే క్యారియర్‌లో తింటారు. చేట్టా, మీరేదో అంటే చేచి నవ్వాలి.”

చేచి లేచి వెళ్ళిపోయేదే. కానీ సినిమాలో ఉన్నానని బస్సులో అందరికీ చెప్పేసుకుంది.

మొదటిసారి చేట్టన్ ఊరికే పెదాలు కదిపారు. “నిజంగా ఏదైనా అనండి, మీ మాటలు వినపడవులే” అని డైరెక్టర్ విసుక్కున్నాడు. చేట్టన్ ముందుకు వంగి, “మేనేజర్ గారు ఇవాళ విగ్గు వెనక్కి తిప్పి పెట్టుకున్నారు” అన్నారు. మేనేజర్ కెమెరా పక్కనే ఉన్నారు. చేచి నవ్వింది. పొలమారి, కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

షాట్ ఓకే కాగానే నావైపు తిరిగి, “సజితా, ఆ మోచెయ్యి నా అన్నంలోంచి తీయమను” అంది.

సినిమా విడుదలైంది. హీరో, హీరోయిన్ల ప్రేమ నమ్మేలా లేదనీ, వెనక బల్ల దగ్గర అన్నం తింటున్న ఇద్దరి స్నేహం కళ్ళు చెమర్చేలా ఉందనీ పత్రికలు రాశాయి. మా పైఅధికారులకు అది చాలు. సిబ్బంది మధ్య సఖ్యత గురించి శాఖలన్నిటికీ వెళ్ళి ప్రసంగించమని ఇద్దరికీ ఉత్తర్వు వచ్చింది.

మొదట పట్టాంబి శాఖకు బస్సులో వెళ్ళారు. దారిలో మాట చేరవేయడానికి నేను లేను. ముందు ఎవరు మాట్లాడాలన్న దగ్గర మొదలై, పూలముగ్గు దాకా వెళ్ళి, దిగేదాకా పోట్లాడుకున్నారట. కండక్టర్ రెండుసార్లు సర్దిచెప్పాడట.

సభలో ఒకమ్మాయి లేచి, “మీ స్నేహం రహస్యమేంటి చేచీ?” అని అడిగిందట.

“ఇద్దరి మధ్య మూడో మనిషిని కూర్చోబెట్టకూడదు” అంది చేచి. చేట్టన్ అవునని తలూపారు. హాలంతా చప్పట్లు.

ఆ మాట మా మేనేజర్‌కు ఎంతో నచ్చింది. మర్నాడే నా బల్లను జనరేటర్ గది పక్కకు జరిపించారు. ఇప్పుడు వాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేరుగా తిట్టుకుంటున్నారు. మధ్యమధ్యలో చేచి పగలబడి నవ్వడం వినిపిస్తుంది. ఆయనేమన్నారో ఈ జనరేటర్ హోరులో నాకు తెలియదు. వెళ్ళి అడిగితే, “నీకెందుకమ్మా మా మధ్య?” అంటారు ఇద్దరూ.