వెనక తిప్పి చూసే వీరభద్రం

కాశిబుగ్గలో జంపఖానాలమ్మే వీరభద్రానికి ఏ వస్తువైనా తిప్పి వెనక వైపు చూడందే నమ్మకం కుదరదు. నేతలో లోపముంటే వెనకే బయటపడుతుందని చిన్నప్పుడు వాళ్ల తాత చెప్పాడట. తాత చెప్పింది జంపఖానా గురించే. మనవడు దాన్ని లోకమంతా పరిచాడు.

పెళ్లి విందులో విస్తరి తిప్పి చూస్తాడు. ఒకసారి దవాఖానలో తన ఎక్స్‌రేనే తిప్పి పట్టుకుని, "వెనక మంచిగనే ఉంది డాక్టర్ సాబ్" అన్నాడు. ఇక ఆయన సెల్‌ఫోన్ ఎప్పుడూ బోర్లానే పడుకుంటుంది. ఎవరు పిలిచినా పలకదు.

పక్క కొట్లో దుప్పట్లమ్మే పద్మలతకు ఇదంతా వినోదంగానే ఉండేది, బజారులోకి ఇంటర్నెట్ ఫోన్ వచ్చేదాకా. నంబరు ఒక్కటే, కొట్లో, గోదాములో, ఇంట్లో ఒకేసారి మోగుతుంది. ఫోన్ కంపెనీ తరఫున నిఖిల్ అనే కుర్రాడు కాగితాలు తెస్తే ఆమె టక్కున సంతకం చేసేసింది. వీరభద్రం కాగితం తిప్పాడు.

"గీ చీమ తలకాయలంత అక్షరాలల్ల ఏముంది బాబూ?"

"ఏం లేదంకుల్, ఫార్మాలిటీ."

భూతద్దం బయటికొచ్చింది. "ఈ పద్ధతికి పేటెంటు మాదని ఎవరన్న దావా వేస్తే, వాడుకున్నోళ్లదే బాధ్యతనట! కనిపెట్టినోడు ఎవడో, అమ్మినోడివి నువ్వు, కోర్టు మెట్లెక్కుడు నేనా? గిది కొట్టేస్తేనే సంతకం."

ఎనిమిది నెలలు గడిచాయి. వీరభద్రానికి కొత్త ఫోన్ రాలేదు. ఆయన సెల్ పలకక విసిగిన తొర్రూరు గిరాకీలు పద్మలతకు ఫోన్ చేసేవారు.

"కాకా, మళ్ల నీకే! నీ దుకాణంల కొలువుకు కుదిరిన్నా నేను?"

"జర ఓపిక పట్టు బిడ్డా. కంపెనీకి ఇంకో ఉత్తరం రాసిన."

"రాయి రాయి. నీ ఫోన్ వచ్చేటాళ్లకు లోకం ఫోన్లే బంద్ చేస్తది!"

సరిగ్గా పెళ్లిళ్ల కాలంలో పద్మలతకు ఓ వకీలు నోటీసొచ్చింది. ఒక్క పిలుపు మూడుచోట్ల మోగించే పద్ధతికి పేటెంటు తమ కక్షిదారుదట. పదిహేను రోజుల్లో వాడకం ఆపాలి, లేదా నష్టపరిహారం కట్టాలి. సగం బేరాలు ఆ నంబరు మీదే నడుస్తున్నాయి. ఆమె నోటీసు పట్టుకుని పక్క కొట్లోకి పరుగెత్తింది.

వీరభద్రం ముందుగా నోటీసు తిప్పాడు.

"వెనక ఏం లేదు."

"ముందట సూడు కాకా! కొంప మునిగేది ముందటనే ఉంది!"

ఆయన తీరిగ్గా చదివి, జంపఖానాల దొంతర కింద నుంచి మొన్ననే వచ్చిన కాగితం తీశాడు. ఫోన్ కంపెనీ ముద్ర ఉంది. పద్మలత ఒప్పందంలో ఆ షరతు మొదటి రోజు నుంచే రద్దు. దావా వస్తే జవాబు, ఖర్చు రెండూ కంపెనీవే. మొదటి పేరు ఆమెది. కింద ఆయనది.

"నా ఒక్కనికి కొట్టేస్తమని తొమ్మిదో రోజే ఒప్పుకున్నరు. నీది గూడ మారిస్తెనే సంతకమన్న. గందుకే గింత లేటు."

"మరి నాకెందుకు చెప్పలే కాకా?"

"చెప్తే ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుదువు. నా గిరాకీలకు జవాబెవరు చెప్తరు?"

పద్మలతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాగితం అందుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వెనక్కి తిప్పి చూసింది.

"వెనక ఏం లేదు కాకా."

"గా ఏం లేకుండ చేసేటందుకే బిడ్డా, ఎనిమిది నెలలు పట్టింది."