మేడం తాగని చాయ్

పొగలు కక్కుతున్న చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని పిల్లల వార్డు గుమ్మంలో కాసేపు నిలబడటం నాకు అలవాటు. ఆ వేడి వేళ్ల చివరిదాకా పాకితేగానీ లోపలికి అడుగు పెట్టను. కరీంనగర్‌లో నా దగ్గర పనిచేసే కొత్త డాక్టర్లు నన్ను చాయ్ పిచ్చివాడనుకుంటారు. నేను ఒక్క గుక్కైనా తాగనన్న సంగతి వాళ్లెవరూ ఇంకా గమనించినట్టు లేదు. ఈ ఉదయం లోపల మంచం మీద, విషజ్వరంతో ఒళ్లు కాలిపోతూ వచ్చిన పసివాడున్నాడు. జ్వరం దిగిందని అందరూ సంబరపడుతున్నారు. అరచేతులు చురుక్కుమనగానే శకుంతల మేడం గుర్తుకొచ్చింది.

ఎనభైల్లో ఆమె ఆసిఫాబాద్ సర్కారు దవాఖానాలో పిల్లల డాక్టరు. మెట్‌పల్లి వైపు భూములున్న ఇంటి బిడ్డ. ఆమె కసిరితే కిటికీ రెక్కలు కూడా సర్దుకుని కూర్చునేవని మేము నవ్వుకునేవాళ్లం. నేను చదువు ముగించుకుని కొత్తగా చేరిన రోజు, ఓ పిల్లవాడిని మంచం చివర నుంచే చూసి మందు రాయబోతుంటే ఆపింది. మీ బాపు ఏం చేస్తాడని అడిగింది. జమ్మికుంటలో పత్తి కొంటాడని చెప్పాను. ఎట్లా కొంటాడంది. కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి చూస్తాడని, పైన ఎండినట్టున్నా లోపల తేమ ఉండొచ్చని చెప్పాను.

"మీ బాపు పత్తికిచ్చే ఇజ్జత్ నువ్వు పిల్లగానికి ఇస్తలేవు గదయ్యా," అంది మేడం.

ఆ దెబ్బతో నేను మళ్లీ ఎన్నడూ ముట్టుకోకుండా ఏ పిల్లకూ మందు రాయలేదు. అయితే ముట్టుకోవడానికీ ఆమె దగ్గర ఒక పద్ధతుంది. చల్లటి చేయి తగిలితే పిల్లలు ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడ్డ నాడి ఉన్నమాట చెప్పదు. పైగా చల్లబడ్డ వేళ్లకు పిల్ల పాదం చల్లదనం తెలియదు. అందుకే ఆమెకు ఆ చాయ్. చేతులు కాచుకుని, తాగకుండానే గ్లాసు వార్డు ఆయాకిచ్చి, తల్లి ఒళ్లో ఉన్న పిల్ల ఏడుపు మానేదాకా ఓపికగా కూర్చునేది.

మన మాట వినని నరాలు ఒంట్లో ఉన్నాయని మేము పుస్తకంలో చదివినవాళ్లమే. ఆమె వాటిని ఎడ్లబండి భాషలోకి దించింది. ఒక జత ముల్లుగర్ర, గుండెను ఉరికిస్తుంది. ఇంకో జత పగ్గం, నిమ్మళం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఊపిరి పీల్చినప్పుడు నాడి కాస్త ఉరుకుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. అంటే పగ్గం ఇంకా చేతిలోనే ఉంది. చీము రక్తంలో కలిసి ఒళ్లు తనమీద తానే మండిపడే వేళ పగ్గం జారిపోతుంది. అప్పుడు నాడి గడియారంలా ఒకే తీరున పరుగెడుతుంది. నాడి ఒక్కటే చూసి నమ్మమని ఆమె ఎన్నడూ అనలేదు. కాలివేళ్లు, కళ్లు, మూత్రం, అన్నీ చూడాలి. కానీ మొదట వేళ్లతో అడగాలి.

ఓ ఎండాకాలం ఉదయం నాలుగేళ్ల లక్ష్మిని భుజాన వేసుకుని వాళ్లమ్మ వచ్చింది. వెనకే నాయనమ్మ, కోపంగా. పిల్లకు ఒళ్లంతా తల్లి పోసింది, ఆటలమ్మ పొక్కులు. అమ్మవారు ఒంట్లో ఉన్నన్నాళ్లూ మందు ముట్టరు, సూది మాటే ఎత్తరు. ఆ పొద్దున్నే వేపాకు నీళ్లు పోసి తల్లిని సాగనంపారు. స్నానం తర్వాత జ్వరం పోయి ఒళ్లు చల్లబడింది. నాయనమ్మ దండం పెట్టుకుంది, కోడలికి మాత్రం పిల్ల మత్తు చూసి భయమేసింది. మేడం లక్ష్మి పాదం పట్టుకుంది, మణికట్టు పట్టుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు ఉండి, నా వేళ్లను అక్కడ పెట్టించింది. పాదం చల్లగా ఉంది. నాడి సన్నగా, మహా వేగంగా, ఏ మార్పూ లేకుండా కొట్టుకుంటోంది. రొమ్ము మీద రెండు పొక్కులు చీము పట్టి ఉన్నాయి.

సెలైన్, సూదిమందు వెంటనే పడాలి. ఆలస్యమైతే పిల్ల దక్కదు. ముసలమ్మ మంచానికి అడ్డం నిలబడింది. సూది గుచ్చితే తల్లి మళ్లీ కోపగిస్తుందనీ, పిల్లను ఇంటికి తీసుకుపోతాననీ అంది. నేను వాదనకు దిగబోయాను. మేడం నన్ను చేత్తోనే ఆపి, ముసలమ్మ పక్కన నేలమీద కూర్చుంది.

"అవ్వా, యాపాకు తానం నువ్వే పోసినవా?"

"నేనే పోసిన బిడ్డా. తల్లిని మంచిగ సాగనంపిన."

"నువ్వు సాగనంపినంక తల్లి ఉంటదా? పోయింది. గిప్పుడు పిల్ల ఒంట్ల ఉన్నది తల్లి గాదు, దొంగ. పొక్కులు తెరిచి ఉన్నయి గద, గా సందుల కెల్లి సొచ్చిండు. వాన్ని సూదితోటే ఎల్లగొట్టాలె."

ముసలమ్మ మనవరాలి రొమ్ము మీది పొక్కుల్ని వంగి చూసింది. పక్కకు జరిగింది. తన కొంగులోని వేపరెమ్మ తీసి పిల్ల తలకింద పెట్టవచ్చా అని మాత్రం అడిగింది. మేడం తనే తీసుకుని పెట్టింది. మేడం చెప్పింది అబద్ధమనో, నాటకమనో నేనెప్పుడూ అనుకోలేదు. పొక్కుల్లోంచి దూరిన దొంగ అన్నమాటలో వైద్యానికి విరుద్ధమైనది ఒక్క ముక్క లేదు.

కొన్ని రోజులు అదే పోరాటం. మేడం ఇంటికి పోలేదు, మమ్మల్ని పోనివ్వలేదు. ఒక ఉదయం లక్ష్మి నిద్రపోతుండగా నా చేయి లాగి మణికట్టు మీద పెట్టింది. పిల్ల ఊపిరి పీల్చింది, నాడి తొందరపడింది. వదిలింది, నెమ్మదించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"పగ్గం దొరికింది," అంది మేడం. నాయనమ్మను పిలిచి, ఆమె వేళ్లను కూడా అక్కడే పెట్టించింది.

చాలా ఏళ్ల తర్వాత, ఆ పగ్గపు నరమే ఒంట్లోని మంటను చల్లార్చడంలోనూ చేయి వేస్తుందని వైద్య పత్రికల్లో చదివాను. మేడం అప్పటికి లేదు. ఉంటే, "గిప్పుడు తెల్సిందా వాళ్లకు?" అని నవ్వేది.

ఈ ఉదయం మంచం దగ్గరకు నడిచాను. జ్వరం లేదు సార్, ఇంటికి పంపిద్దామా అని కొత్త డాక్టరమ్మ అడిగింది. బాబు నిద్రలో ఉన్నాడు, వాళ్లమ్మ ఊపిరి బిగబట్టి నన్నే చూస్తోంది. గ్లాసు పక్క బల్లమీద పెట్టి, వేడెక్కిన వేళ్లతో పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. మణికట్టు పట్టుకున్నాను. పీల్చినప్పుడు ఉరికింది, వదిలినప్పుడు నెమ్మదించింది.

ఆ తల్లికి తలూపి, చాయ్ గ్లాసును డాక్టరమ్మ చేతికిచ్చాను.

"తాగకు," అన్నాను. "పట్టుకో. చేతులు వెచ్చబడ్డాక బాబు నాడి చూడు. తర్వాత వాళ్లమ్మకు కూడా చూపించు."