పరిశీలన సారు

మొన్న మా కుళాయిలో ఉప్పునీళ్లు వస్తున్నాయని మనవరాలు ఫోనులో ఫిర్యాదు పెట్టి, నిమిషంలోనే వచ్చిన జవాబు నాకు చదివి వినిపించింది. మీ ఫిర్యాదు పరిశీలనలో ఉన్నది అట. ఎంత వేగమో చూశావా అవ్వా అని అది మురిసిపోయింది గానీ, ఆ వాక్యం నాకు కొత్తది కాదు.

అరవైల మొదట్లో, పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజుల్లో, మన తీరంలోనే ఒక సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మిషన్ బడిలో కుదిరిన గుండ్రటి చేతిరాత చూసి, అర్జీలకు జవాబులు రాసే పని నాకిచ్చారు. ఆ రోజుల్లో ఉద్యోగాలు చేసిన మీకు గుర్తుండే ఉంటుంది, వచ్చిన కాగితానికి వారంలోగా ఏదో ఒక జవాబు పోవాలి, పోతే ఆ పని అయిపోయినట్టే. మా పెద్ద గుమాస్తాగారు చెడ్డవారు కారు, పొద్దున వంచిన తల సాయంత్రం దాకా ఎత్తేవారు కారు. ఆయనా నేనూ కూర్చుని రోజంతా రాసింది చాలావరకు ఒకటే మాట, తమ అర్జీ పరిశీలనలో ఉన్నది అని. తనిఖీకి వచ్చిన అధికారి మా బల్లల మీద పాత కాగితం ఒక్కటీ లేదని మెచ్చుకుంటే పొంగిపోయాను.

పులికాట్ సరస్సు ఒడ్డున కుప్పం, అంటే చేపలు పట్టేవాళ్ల చిన్న పల్లె, ఒకటి ఉండేది. ఉన్న ఒక్క బావీ ఉప్పెక్కిపోయి, ఆడవాళ్లు బిందెలతో ఇసుకలో మైళ్లు నడుస్తున్నారని, కొత్త బావి కావాలని ఒక పెద్దావిడ అర్జీ పెట్టింది. అలవాటుగా జవాబు రాసి పంపాను. పది రోజులకు ఆవిడ ఆ ఉత్తరం బొడ్డున దోపుకుని వచ్చింది.

"పరిశీలన సారు ఎప్పుడొస్తాడమ్మా? ఆయనొచ్చి బావి చూస్తాడని మా మగోళ్లు రెండు దినాలుగా వేటకి పోకుండా కాచుకోనుండారు."

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అలాంటి సారు ఎవరూ లేరమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. పెద్ద గుమాస్తాగారిని అడిగితే, బావి సంగతి ఇంజనీరు చూడాలి, ఆయనకు పైనుంచి మంజూరు రావాలి, మన చేతిలో ఉన్నది రాయడమే అన్నారు. అదీ నిజమే. ఆ ఎండాకాలమంతా ఆవిడ వస్తూనే ఉంది, వచ్చినప్పుడల్లా నేను మరో జవాబు రాసిస్తూనే ఉన్నాను. వానలకు ముందే రావడం మానేసింది. కుప్పం వాళ్లు గుడిసెలు విప్పుకుని నీళ్లున్న చోటికి వెళ్లిపోయారని మా బంట్రోతు కబురు తెచ్చాడు. అర్జీదారు ఊరిలో లేనందున ముగించడమైనది అని ఆ కాగితం మీద రాసింది కూడా నేనే, ఆ గుండ్రటి అక్షరాలతోనే.

అప్పుడు వారం పట్టిన జవాబు ఇప్పుడు నిమిషంలో వస్తోంది, రాసేవాళ్లెవరో తెలియదు, వెళ్లి నిలబడి అడుగుదామంటే ఎదురుగా మనిషి లేడు. ఆవిడ ముందు మేమన్నా ఉన్నాం.

ఆ సారు ఎప్పుడొస్తాడో కనుక్కోవే అన్నాను మనవరాలితో. ఏ సారు అవ్వా అని అది నవ్వింది.