రెండు చోట్లా లేని రాహేలు

డోన్ జూనియర్ కళాశాలలో పనిచేస్తున్న నన్ను, కర్నూలు దగ్గర కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయానికి ఫిజికల్ డైరెక్టరుగా, అంటే పీడీగా వేశారు. అది మొదలైన రెండో ఏడాది జూన్‌లో వెళ్ళి చేరాను. తరగతి గదులకు ఇంకా సున్నం వాసన పోలేదు. మైదానం అని చూపించింది నల్లరేగడి చేను. వాన పడితే బూటు దిగబడేది, ఎండితే నెర్రెలు విచ్చేది. పిల్లల చేత రాళ్ళు ఏరించి, రోలరు తోలించి, సున్నం గీతలు గీసేసరికి దసరా వచ్చింది.

పీడీ పని అంటే విజిల్ ఊదడమే అనుకుంటారు. కాదు. సగం పని విభాగాధిపతులతో పోట్లాట. ఆటకు వెళ్ళిన విద్యార్థికి మేము ఆన్ డ్యూటీ చీటీ రాసిస్తాం. ఆ చీటీ ఉంటే తప్పిన తరగతికి హాజరు పడుతుంది. లేకపోతే హాజరు తగ్గి, పరీక్ష రాయనివ్వరు. పరీక్ష లేకపోతే టీములో ఉండటానికీ అర్హత లేదు. అందుకే ఏ చీటీ చూసినా అధ్యాపకులకు అనుమానం, ఏ పిల్లను ఆపినా మాకు అనుమానం.

రాహేలుది కోసిగి. కెమిస్ట్రీ రెండో సంవత్సరం. ఐదువేల మీటర్ల పరుగులో మా అందరి ఆశా ఆ పిల్లే. అమ్మానాన్నలు ఏటా సంక్రాంతి దాటగానే గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయేవారు. క్రీడల కోటాలో సీటు వచ్చింది కాబట్టి ఆ పిల్ల హాస్టల్లో ఉంది. ల్యాబు తప్పి, టీమూ పోతే కోటా రాయితీ ఆగుతుంది, ఆపైన తనూ మిరప చేలోకే. ఈ సంగతి మాకందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువగా ఆ పిల్లకే తెలుసు.

ఫిబ్రవరి చివర నుంచి రాహేలు తేడాగా కనిపించింది. పొద్దున పరుగు పర్వాలేదు. సాయంత్రం ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చేది, వచ్చినా కాళ్ళు ఈడ్చేది. అడిగితే "ఆలస్యమాయె సార్" అనేది, అంతే. ల్యాబులో ఆపుకున్నారు కాబోలని కెమిస్ట్రీ అధిపతి ఓబులేసు గారి మీద మనసులోనే పళ్ళు నూరుకున్నాను. ఆటల పిల్లలంటే ఆయనకు మొదటి నుంచీ గిట్టదు.

ఒకరోజు క్యాంటీనులో ఆయనే నా మీదికొచ్చాడు.

"ఏమప్పా పీడీ, ఆ పాపను చదువుకోనిస్తావా, ల్యా? ల్యాబు సగంలోనే లేసిపోతాండాది. ఉన్నపొద్దు టేబుల్ మీద తల పెట్టుకొని నిద్ర. నీ చీటీలు నువ్వూ!"

"నేను చీటీ ఇచ్చి నెల దాటింది సార్. మీరే ఆపుకుంటున్నారని నేను అనుకుంటున్నాను" అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ల్యాబులోనూ లేదు, మైదానంలోనూ లేదు. మరి యాడికి పోతున్నట్టు?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాననుకున్నాను. క్రీడాకారులకు పొద్దున ప్రాక్టీసు అయ్యాక విశ్వవిద్యాలయం తరఫున గుడ్లు, పాలు, అరటిపండ్లు ఇచ్చేవాళ్ళం. రాహేలు అన్నీ తీసుకునేది, అక్కడ తినేది కాదు, గదికి పట్టుకుపోయేది. ఆమె గదిలోనే ఉండే కబడ్డీ పిల్ల షబానాను పిలిచి నిలదీశాను.

"నన్నే తినమంటాది సార్. తనకు వద్దంట. మధ్యాన్నం తలుపు గడియ పెట్టుకొని పండుకుంటాది, పిలిచినా పలకదు. ఏమి కతనో నాకూ తెలీదు" అంది.

ఇంకేముంది, నా బుర్రలో పుట్టని పాపం లేదు. ఇంట్లోవాళ్ళు ఊళ్ళో లేరు, చేతిలో ఫోను ఉంది, ప్రేమ వ్యవహారమేమో అనుకున్నాను. సన్నబడే పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. చివరికి, ఎవడో బయటి కోచ్ మాత్రలు అలవాటు చేశాడని ఖాయం చేసుకున్నాను. ఎదురుగా నిలబెట్టి అడిగితే నేల చూపులు చూసి "ఏమీ ల్యా సార్" అంది. ఆ చూపుతో నా అనుమానం మరింత గట్టిపడింది.

అంతర విశ్వవిద్యాలయ పోటీలకు సెలక్షన్ ట్రయల్ సాయంత్రం పెట్టాం. ఎండ తగ్గాలి కదా. ఓబులేసు గారూ చూడటానికి వచ్చాడు. రాహేలు మొదట అందరికంటే ముందుంది. సగం దూరం దాటాక నడక పట్టి, ట్రాక్ గీత దాటి బయటికొచ్చి కూలబడింది. ట్రయల్‌కు పిలిపించిన డాక్టరమ్మ వేలి నుంచి రక్తం తీసి చూసి, షుగరు బాగా పడిపోయిందని చెప్పి, ఏం తిన్నావని అడిగింది. రాహేలు తల పక్కకు తిప్పుకుంది. నాకు ఒళ్ళు మండింది. "ఏం మాత్రలు మింగినావు, చెప్పు!" అని అందరి ముందూ అరిచాను. వాళ్ళమ్మకు ఫోను చేసి స్పీకరు పెట్టాను.

"మాత్రలేంది సార్, అట్లాంటియ్యి మా పాపకు తెలీవు" అంది ఆమె. వెనక చేలో కూలీల మాటలు వినిపిస్తున్నాయి. "ఈస్టరు దాకా నలభై దినాలు కదా. మేమంతా పగలు పస్తుండి, మాపటికి ప్రార్థన చేసుకొని ఒక్క పూటే తింటాము. కాయలు కోస్తా కూడా ఇడిసిపెట్టము. అదీ ఉండాదేమో. నోరు ఇప్పదు సార్. పస్తున్నామని మనుసులకు చెప్పుకుంటే ఫలం ఉండదని మా అయ్యగారు చెప్పిండాడు."

అయ్యగారంటే వాళ్ళ చర్చి పాస్టరు. డాక్టరమ్మ గ్లూకోజు నీళ్ళు కలిపింది. రాహేలు గ్లాసు ముట్టుకోలేదు. నా వైపు తిరిగి, ఏడుపూ కోపమూ కలిపి అంది: "మా యమ్మ చేత చెప్పిచ్చినారు కదా సార్. ల్యాబు పాస్ కావల్ల, టీములో పేరు రావల్ల, రెండూ కావల్లనే ప్రార్థన పెట్టుకుంటి. అందరికీ తెలిసిపాయె. ఇంగ యాడి ఫలం?"

చదువూ ఆటా రెండూ నిలవాలని పట్టిన పస్తు రెంటినీ తినేస్తోంది.  ఓబులేసు గారు గ్లాసు దగ్గరికి జరిపి "తాగు పాపా, దేవుడు మా మాదిరి కాదులే" అన్నాడు. తాగింది.

తప్పిన ప్రయోగాలు మళ్ళీ చేయించడానికి నిబంధనల్లో చోటుంది. ఓబులేసు గారు పొద్దున పూట పెట్టించి చేయించాడు, ల్యాబు గట్టెక్కింది. దాంతో రాయితీ ఆగలేదు, హాస్టలు నిలిచింది. ట్రయల్‌కు అలాంటి చోటు లేదు. పరుగు మధ్యలో గీత దాటి బయటికొచ్చినవాళ్ళను జాబితాలో వేయకూడదు. వేయలేదు. ఆ ఏడు రాహేలు లేకుండానే టీము వెళ్ళింది. ఈస్టరు దాకా పస్తు మానలేదు. మానమని నేనూ చెప్పలేదు. ప్రాక్టీసు మాత్రం పొద్దున పూటకే కుదించాను. రోజా ఉండే పిల్లలు రంజాన్‌కు ముందే వచ్చి చెప్తారు కాబట్టి వాళ్ళకు వేళలు మార్చడం నాకు అలవాటే. చెప్పని పస్తు ఒకటుంటుందని నాకు తెలియదు.

సందేహించడం పీడీ ఉద్యోగంలో భాగం. వయసు సర్టిఫికెట్లూ, దొంగ చీటీలూ పట్టుకున్నవాణ్ణి. ఇప్పటికీ దాన్ని తప్పనను. కానీ ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ట్రయల్స్‌కు ముందు ప్రతి విద్యార్థినీ విడిగా పిలిచి ఒక్కటే అడిగేవాణ్ణి: ఏ పూట తింటున్నావు? ఎందుకు తినడం లేదో అడిగేవాణ్ణి కాదు. ప్రాక్టీసు వేళ మార్చడానికి ఆ కారణంతో నాకు పనిలేదు.