అమ్ముడుపోని లిఫ్టర్

మా లేబర్ క్యాంపులో వాలీబాల్ ఆటగాళ్లను వేలం వేస్తారు. డబ్బుతో కాదు, పాయింట్లతో. టీవీలో క్రికెట్ వేలం చూసి ఎవరికో పుట్టిన ఆలోచన అది. ఒక్కో కెప్టెన్‌కు వంద పాయింట్లు ఇస్తారు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఎండ కాస్త మెత్తబడ్డాక ఒక శుక్రవారం మధ్యాహ్నం మెస్ హాల్లో బల్లలు పక్కకు జరిపి ఈ తతంగం నడిపిస్తారు. పేరు పిలుస్తారు, కావలసినవాడు చెయ్యెత్తుతాడు. కరోనా తర్వాత జరిగిన మొదటి వేలంలో నా పేరు పిలిచినప్పుడు ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

అప్పటికి నాకు నలభై దాటాయి. ఆట నేర్చుకున్నదే కరోనాలో. ఫ్యాక్టరీ మూతపడి, గేటు దాటనివ్వక, గదుల మధ్య ఉన్న సిమెంటు జాగాలో బంతి పట్టుకుని గోడతో ఆడుకున్నాను. గోడ నుంచి వచ్చిన బంతిని పది వేళ్లతో నెట్టడం, మళ్లీ రావడం, మళ్లీ నెట్టడం. ఎగిరి కొట్టడం ఈ వయసులో నా వల్ల కాదని నాకు ముందే తెలుసు. అందుకే లిఫ్టర్‌ని అవుదామనుకున్నాను. లిఫ్టర్ అంటే రెండో చెయ్యి. వచ్చిన బంతిని నెట్ పక్కన పైకి లేపి, ఎగిరి కొట్టే స్మాషర్ చేతికి అందేలా పెట్టేవాడు. ఎవరికి లేపాలో నిర్ణయించేది అతనే. చప్పట్లు మాత్రం కొట్టినవాడికి.

నా ఉద్యోగం అల్యూమినియం కిటికీల ఫ్యాక్టరీలో, కటింగ్ సెక్షన్‌లో. నా చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు నేర్పింది కోత మిషనే. ఆరు మీటర్ల బార్‌లోంచి ఏ ముక్క ముందు కోస్తే చివరికి తుక్కు తక్కువ మిగులుతుందో చూసి చూసి నేర్చుకున్నాను. లిఫ్టింగ్ కూడా నాకు అలాంటి పనిగానే కనిపించింది. నెట్ అవతల ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారు, ఎటు ఒక్కడే ఉన్నాడు, ఎటు లేపితే బంతి వృథా కాదు. అంతే.

నా భార్యకు పిన్ని కొడుకు, అంటే నాకు బావమరిది, అదే క్యాంపులో ఉంటాడు. మా ఫ్యాక్టరీలోనే ఫిట్టింగ్ ఫోర్‌మన్. క్యాంపులో అతన్ని మించిన స్మాషర్ లేడు, ఒక జట్టుకు కెప్టెన్ కూడా. మా దగ్గర ఆటలో చోట్లు మార్చుకోవడం ఉండదు, ఎవరి చోటు వారిదే. నెట్‌కు ఎడమ మూల అతనిది. వేలానికి కొన్ని వారాల ముందు ప్రాక్టీసు ఆటలో మేమిద్దరం ఒకే వైపు ఆడాం. ఒక బంతి వచ్చింది. అతని ముందు ఇద్దరు అడ్డం నిలబడి ఉన్నారు. కుడి మూలలో మా మరో స్మాషర్ ముందు ఒక్కడే ఉన్నాడు. నేను కుడి వైపు లేపాను. పాయింటు వచ్చింది. బావమరిది నా దగ్గరకు వచ్చాడు.

“ఏం బావా, నేను కనవడుతలేనా?”

“నీ ముందట ఇద్దరున్నరు. గాడ ఒక్కడే ఉన్నడు.”

“ఇద్దరున్నా కొడ్త, ముగ్గురున్నా కొడ్త. బంతి నాకే రావాలె. అందరికి టీషర్టులు తెచ్చింది ఎవలు?”

క్యాంపు పద్ధతి అది. టీషర్టులు తెచ్చినవాడికి బంతి లేపాలి. నాకు ఆ సంగతి తెలియక కాదు, పాయింటు వచ్చాక కూడా ఆ పద్ధతి వర్తిస్తుందని అనుకోలేదు. ఆ సాయంత్రం అతను నా భుజం మీద చెయ్యేసి, “ఫికర్ చెయ్యకు బావా, వేలంల నిన్ను నేనే తీస్కుంట,” అన్నాడు. నేను నమ్మాను.

వేలం పాడింది హైదరాబాదు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్. అందరికీ అర్థం కావాలని హిందీలో పాడతాడు. నా పేరు చదివి, “లిఫ్టర్! బోలో, కౌన్ లేగా?” అన్నాడు. బావమరిది తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. “పెహ్లీ బార్... దూస్రీ బార్...” వెనక నుంచి ఎవరో, “చాచా కో ఛోడ్ దో యార్, ఘుట్నే టూట్ జాయేంగే,” అన్నారు, ముసలాయన మోకాళ్లు విరుగుతాయని. అప్పుడు బావమరిది తలెత్తాడు.

“మా బావకు లెక్కలు మస్తుగ అస్తయి. స్కోర్ బోర్డు ఇయ్యుర్రి ఆయనకు. అన్‌సోల్డ్, ఖలాస్!”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వక తప్పదు. బావమరిది చేసిన ఎగతాళికి కోపం తెచ్చుకుంటే మా దగ్గర అది మరింత నవ్వులపాటు. బావ, బావమరిది ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, అన్నవాడికీ పడ్డవాడికీ నవ్వే దిక్కు. ఆ ఆచారం అతన్ని ఎంత కాపాడిందో ఆ రోజే నాకు తెలిసింది.

ఆ రాత్రి నన్ను తిననివ్వనిది ఎగతాళి కాదు. నా కనీస ధర ఐదు పాయింట్లు. ఒక పొడుగాటి పంజాబీ లిఫ్టర్‌ను కొనుక్కున్నాక కూడా బావమరిది దగ్గర పన్నెండు మిగిలాయి. వేలం ముగిసేసరికి ఆ పన్నెండూ అలాగే మురిగిపోయాయి. అంటే స్తోమత లేక వదిలెయ్యలేదు. పారేసే పాయింట్లకు కూడా నేను తగనని వదిలేశాడు. తుక్కులో పడే ముక్కను కూడా నేను ఒకసారి చేతిలోకి తీసుకుని కొలిచి చూస్తాను. అతను అదీ చెయ్యలేదు.

ఆ సీజనంతా నేను నిజంగానే స్కోర్ బోర్డు తిప్పాను. వద్దంటే కోపం వచ్చిందంటారు కదా. బోర్డు నెట్ స్తంభం పక్కన ఉంటుంది. అక్కడ స్టూలు వేసుకుని కూర్చుంటే రెండు వైపులా అరచేతిలో పెట్టుకున్నట్టు కనిపిస్తాయి. మొదటి రెండు ఆటలు నేను అవమానంతో చూశాను. మూడో ఆట నుంచి మామూలుగా చూడటం మొదలుపెట్టాను. పంజాబీ మంచి లిఫ్టర్. బంతి చక్కగా అందితే రెండు మూలలకూ లేపుతాడు. కాని తొలి చెయ్యి సరిగ్గా పడక బంతి దూరంగా పోతే, అతను పరుగెత్తి అందుకుని కళ్లు మూసుకున్నట్టే బావమరిదికి లేపుతాడు. భయం. అటు లేపితే తిట్లు ఉండవు. ఇంకొకటి కూడా చూశాను. వాళ్ల జట్టులో వెనక కుడివైపు నిలబడేవాడు పక్కకు వచ్చే సర్వీసు అందుకోలేడు. ఈ రెండూ కలిపితే నాకు ఒక దారి కనిపించింది. ఆ దారిలో నడవడానికి నాకొక జట్టు లేదు, అంతే లోటు.

మరుసటి ఏడు కంపెనీ దుబాయ్‌కి దూరంగా, తూర్పు తీరంలో ఉన్న కల్బాలో ఒక బిల్డింగ్ కిటికీల పని తీసుకుంది. కొలతలు చూడటానికి నన్ను పంపారు. కల్బాలో సముద్రం పక్కన ఇసుకలో సాయంత్రాలు ఒక జట్టు ఆడుతుంది. దుకాణాల్లో, గ్యారేజీల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల కెప్టెన్ రాజోలు వైపు నుంచి వచ్చిన దర్జీ. నాకంటే రెండేళ్లు చిన్నవాడు, నోరు ఊరుకోదు. స్మాషర్ ఒక మలయాళీ మెకానిక్. అతను ఎగిరితే నెట్ మీద మోచెయ్యి కనిపిస్తుంది. లిఫ్టర్ వీసా అయిపోయి ఇంటికి వెళ్లిపోయాడు.

“ఏవండీ, లేపడం వచ్చా తమరికి?” అన్నాడు దర్జీ.

“వచ్చు.”

“ఇంతకు ముందు ఏ టీములో ఆడారేంటండీ?”

“ఏ టీములోనూ తీసుకోలేదు.”

“అయితే మనోళ్లేనండీ బాబూ. మమ్మల్నీ ఎవరూ తీసుకోలేదు, మేమే పెట్టుకున్నాం!”

నలభై రెండేళ్లకు అలా నా ఆట మొదలైంది. సముద్రపు గాలికి ఎత్తుగా లేపిన బంతి ఎటో కొట్టుకుపోయేది. అందుకని తక్కువ ఎత్తులో, తొందరగా అందించడం అలవాటు చేసుకున్నాను. మెకానిక్ మొదట విసుక్కున్నాడు, తర్వాత నేను బంతి ముట్టకముందే ఎగరడం నేర్చుకున్నాడు. ఆటకు ముందు నేను మాట్లాడేది ఒక్క సంగతే. వెనక కుడివాడికి సర్వీసు వెయ్యండి, వాళ్ల ఎడమ మూలకు అడ్డంగా ఇద్దరు లేవండి. కల్బాలో మేము ఆడే జట్లకు ఆ ఉపాయంతో ఏ సంబంధమూ లేదు. అయినా అదే చేయించాను. దర్జీకి అనుమానం వచ్చింది.

“మాస్టారూ, తమరు ఇక్కడ ఆడుతున్నారా, ఇంకెక్కడైనా ఆడుతున్నారా?”

చెప్పాను. వేలం, పన్నెండు పాయింట్లు, అన్నీ. అతను చాలాసేపు నవ్వి, “బావమరిదంటే ఎంత ప్రేమండీ బాబూ! నాకూ ఉన్నాడొకడు. పదండి, కొట్టేద్దాం,” అన్నాడు. వేలం రెండేళ్లకోసారే కనుక బావమరిది జట్టు పాతదే. ఆ ఏడు క్యాంపు టోర్నమెంటులోకి బయటి జట్లనూ రానిస్తున్నారు. దర్జీయే పేరు ఇచ్చి, జట్టుకు చొక్కాలు కుట్టాడు. చొక్కాలు తనవే అయినా బంతి తనకే లేపమని నాకెప్పుడూ చెప్పలేదు.

సెమీఫైనల్లో ఎదురుపడ్డాం. నెట్ అవతల నుంచి బావమరిది నన్ను చూసి చేతులు చాపాడు.

“ఓ బావా! బోర్డు తిప్పెటోడు లేడని పిలిచిర్రా?”

“నువ్వు అలిసిపోతే నీళ్లియ్యనీకి అచ్చిన.”

మొదటి సెట్ మాకే వచ్చింది. సర్వీసులన్నీ వెనక కుడివాడి పక్కకు పడ్డాయి, బంతి చెదిరింది, పంజాబీ పరుగెత్తి ఎడమ మూలకు లేపాడు, అక్కడ మా ఇద్దరి చేతులు ముందే లేచి ఉన్నాయి. రెండో సెట్‌లో బావమరిది తన బలమంతా చూపించాడు. చేతుల మీదుగా కొట్టాడు, చేతుల్లోంచి కొట్టాడు. ఆ సెట్ వాళ్లు తీసుకున్నారు. ముగ్గురున్నా కొడతానన్న మాట అబద్ధం కాదు. ఆ మాట నిజమైన కొద్దీ నాకు కసి పెరిగింది.

మూడో సెట్ పదిహేనుకు. పన్నెండు, పది మీద మేము ముందున్నాం. అక్కడ పంజాబీకి ఏం తట్టిందో, చెదిరిన బంతిని తొలిసారి కుడి మూలకు లేపాడు. ఖాళీగా ఉన్న చోట పడింది. తర్వాతిదీ అటే లేపాడు, మళ్లీ పాయింటు. తర్వాత వాళ్లొకటి, మేమొకటి. వాళ్లదీ కుడి మూల నుంచే వచ్చింది. పదమూడు, పదమూడు. నా లెక్క తెలిసిన మనిషి అవతల ఒకడు తయారయ్యాడు. అతను ఇంకో రెండు బంతులు అటే లేపితే మాకు దారి లేదు. ఇద్దరిలో ఒకణ్ని అటు పంపితే బావమరిది కొట్టేస్తాడు. పంపకపోతే ఇలాగే పోతుంది.

అప్పుడు బావమరిది ముఖం చూశాను. జట్టుకు మూడు పాయింట్లు వచ్చాయి, అతని ముఖంలో ఆ సంతోషం లేదు. మూడింటిలో ఒక్కదానికీ చప్పట్లు అతనికి రాలేదు. నేను నెట్ దగ్గరికి వెళ్లి, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా అన్నాను.

“ఏం బామ్మర్దీ, నీకు లేపుతలేడేంది? నీ పంజాబీకి గూడ లెక్కలచ్చినయా? ఇగ నువ్వు కూడ అన్‌సోల్డేనా?”

గట్టు మీద కూర్చున్నవాళ్లు గొల్లుమన్నారు. బావ మాట కదా, కోపం తెచ్చుకోకూడదు. అతను నవ్వాడు. నవ్వి, వెనక్కి తిరిగి, “పాజీ, గేంద్ ఇధర్! సబ్ ఇధర్!” అని, బంతులన్నీ తన వైపే లేపమని అరిచాడు. పంజాబీ ఏదో చెప్పబోయాడు. “ఇధర్ బోలా నా!”

నేను మా ఇద్దరినీ చూసి తలాడించాను. దర్జీ సర్వీసు వేశాడు, బంతి చెదిరింది, ఎడమ మూలకు లేచింది. నాలుగు చేతులకు తగిలి వాళ్ల వైపే పడింది. పద్నాలుగు. మళ్లీ సర్వీసు. ఈసారి బంతి చక్కగానే అందింది, కుడి మూలలో వాళ్ల మనిషి ఒంటరిగా ఎగరబోతూ ఎదురు చూస్తున్నాడు. పంజాబీ అతన్ని చూశాడు కూడా. చూసి, ఎడమకు లేపాడు. బావమరిది తన శక్తి కొద్దీ కొట్టాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం. బంతి మా మెకానిక్ అరచేతుల నుంచి నిలువుగా బావమరిది కాళ్ల దగ్గరే పడింది.

ఫైనల్లో మేము ఓడిపోయాం. ఎవరి చేతిలో ఓడామో దర్జీని అడిగితే చెబుతాడు. నాకు దాని మీద ధ్యాస లేదు.

సెమీఫైనల్ అయ్యాక బావమరిది నెట్ కింది నుంచి వంగి మా వైపు వచ్చాడు. కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

“బావా, గింత పగ పట్టినవా?”

“పగేంది? ఆట.”

“ఇగ నాతోని కాదు. భుజం పోయింది. వచ్చే యేడు ఆడను.”

ఆ మాట విని నేను నిజంగా కంగారుపడ్డాను. దర్జీ సంచిలోంచి నొప్పి మందు తీసి, అతన్ని కూర్చోబెట్టి, నా చేత్తోనే భుజానికి రుద్దాను. మెడ దగ్గర నుంచి మోచేతి వరకు, ఎముక మీద కాకుండా కండ మీద. బావంటే ఇలా ఉండాలని పక్కనున్నవాళ్లు అన్నారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానని, వేడి నీళ్ల కాపడం పెట్టుకొమ్మని, బరువులు ఎత్తవద్దని చెప్పాను. ఇప్పటికీ వారానికోసారి కల్బా నుంచి ఫోన్ చేసి భుజం ఎలా ఉందని అడుగుతున్నాను. తగ్గుతోందంటే నాకు ఆకలి వేస్తుంది. ఒక్క ఓటమిని ఎవరైనా ఖర్మ అని మరిచిపోతారు. రెండోది మరిచిపోలేరు. దానికి అతను బాగుండాలి.