దత్తాత్రి బండికి పోసిన సింథటిక్ నూనె

మా వీధి చివర ఉండే దత్తాత్రి మనుషులను కొంతవరకు నమ్ముతాడు; మాటలను మాత్రం నమ్మడు. అందులోనూ ‘సింథటిక్’ అన్న మాట చెవిన పడితే ఆయన ముఖం ముడుచుకుంటుంది. అందుకు కారణం ఉంది. ఆయన నేత కుటుంబంలో పుట్టినవాడు. చీర అంచున గొల్లభామను తలమీది చల్లకుండతో సహా నిలబెట్టిన చేతులవి. అదే బొమ్మను అచ్చు గుద్దిన సింథటిక్ చీరలు బజారులో కారుచౌకగా దిగిన తరువాత ఆయన మగ్గం మూలపడింది. దానిని అమ్మి, ఉన్నదంతా కూడగట్టి ఒక పాత వ్యాను కొన్నాడు. తెల్లవారుజామున తొగుట వైపు ఊళ్ల నుండి కూరగాయలమ్మే స్త్రీలను, గంపలతో సహా, సిద్దిపేట రైతుబజారుకు చేర్చడమే ఇప్పుడాయన బతుకుతెరువు. ఆ బండి మూలపడితే అమ్ముకోవడానికి మరొక మగ్గం లేదు.

ఈ చలికాలం రెండో గేరు మొరాయించడం మొదలుపెట్టింది. వేసినప్పుడల్లా గరగరమని చప్పుడు. మెకానిక్ హన్మంతు బండి కిందికి దూరి చూసి బయటికి వచ్చాడు.

“కాకా, గేర్‌బాక్సుల పాత నూనె చలికి చిక్కబడుతున్నది. సింథటిక్ గేరాయిల్ పోద్దాం.”

“నా మగ్గాన్ని మింగింది సాలదా? బండిని గూడ మింగుతదా?”

“చీరెకు, దీనికి ఏం సంబంధం? మంచి సరుకు కాకా.”

“చీరెల దుకాణపాయన గూడ గట్లనే అన్నడు. దీంట్ల నీకెంత ముడుతదిరా?”

హన్మంతు నవ్వాడు. ఆ నవ్వు దత్తాత్రి అనుమానాన్ని మరింత పెంచింది.

సాయంత్రం దత్తాత్రి మా ఇంటికి వచ్చాడు. “టీచరమ్మా, సింథటిక్ అంటె తెలుగుల ఏందమ్మా?”

“కృత్రిమం” అన్నాను. “తనంతట తాను పుట్టనిది, మనిషి చేసినది.”

“మోసం జేసిందా?”

“కాదయ్యా, మనిషి చేసినది, అంతే. నీవు నేసిన చీర కూడా చెట్టుకు కాయలేదు కదా.”

“నా చీరెను గూడ అండ్లనే కలిపిన్రా? మీకు నోరెట్ల వచ్చిందమ్మా!” అని లేచి వెళ్లిపోయాడు.

మరునాడు తానే పరీక్షకు దిగాడు. నూలు మంచిదో కాదో తేల్చడానికి నేతగాళ్లు పోగును కాల్చి చూస్తారు. పత్తి నూలు బూడిద అవుతుంది, సింథటిక్ నూలు కరిగి ముద్దకడుతుంది. దత్తాత్రి హన్మంతు దగ్గర కొత్త నూనెను కాస్త అడిగి పుచ్చుకొని, అందులో ఒత్తి వేసి వెలిగించాడు. అది నల్లని పొగ కక్కి ఆరిపోయింది.

“సూసినవా? దీపమే ఎలగలేదు. గిది నూనేనా?”

“గేర్‌బాక్సుల దీపం పెడ్తవా కాకా? పాత నూనెకు గూడ ఒత్తి పెట్టు.”

పాత నూనె కూడా అంతే పొగ కక్కింది. ఆనాటి నుండి దత్తాత్రి రెండు నూనెలనూ అనుమానించసాగాడు.

ఆ మరుసటి ఉదయం ఎత్తు మీద గేరు పడక బండి ఆగిపోయింది. స్త్రీలందరూ దిగి నెట్టవలసి వచ్చింది. అందరిలో పెద్దదైన లింగవ్వ నడుము పట్టుకొని, “దత్తన్నా, ఇంకోపాలి గిట్లయితె మేం ఆటోల పోతం” అని తేల్చి చెప్పింది.

ఆ మాటతో ఆయన లొంగాడు. కొత్త నూనె పోస్తున్నంతసేపూ హన్మంతు చేతుల మీది నుండి చూపు మరల్చలేదు. పొద్దున లేచి చూస్తే బండి కింద నూనె మరక. “నేనన్నది నిజమాయె!” అంటూ బండితో మెకానిక్ షెడ్డుకు పరుగెత్తాడు. హన్మంతు నూనె కారకుండా ఆపే పాత సీలును విప్పి చేతిలో పెట్టాడు. రబ్బరు ఎండిన తోలులాగా గట్టిపడి ఉంది.

“నిన్ననే జెప్పిన గద కాకా, సీలు గట్టివడ్డది, కారొచ్చని. గప్పుడు నువ్వు నా చేతులు సూసుకుంటున్నవు, మాట ఇనలేదు.”

కొత్త సీలు వేయించుకున్న తరువాతి ఉదయం మళ్లీ అదే ఎత్తు వచ్చింది. దత్తాత్రి రెండో గేరు వేశాడు. చప్పుడు లేదు.

“గేరు ఏసినవా, ఏయలేదా?” గంపను గట్టిగా పట్టుకొని అడిగింది లింగవ్వ.

“ఏసిన.”

“మరి గరగర ఏది? బండి ఎనుకకు జారుతదేమో, నన్ను దింపు!”

“కూసో లింగవ్వా. ఎక్కుతున్నది సూడు.”

బండి ఎక్కింది. పైకి చేరగానే ఆయన దిగి, వంగి కిందికి చూశాడు. లింగవ్వ కూడా దిగి, ఆయన పక్కనే వంగి చూసింది. నేల పొడిగా ఉంది.

“ఇయ్యాలటికైతె కారుతలేదు” అన్నాడాయన.

“గట్లనే రేపు గూడ సూద్దాం. జర జల్ది రా” అని లింగవ్వ మళ్లీ బండెక్కింది.