బ్యానర్ కోసం కళ్లద్దాలు

2005 జూన్‌లో పంజాగుట్టలోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో సీనియర్ ఆప్టోమెట్రిస్టుగా చేరాను. ఆపరేషన్ చేసేది డాక్టరు. చూపు కొలిచి, ఎంత నంబరు అద్దం కావాలో తేల్చేది మేము. ఈ ఇద్దరి మధ్య ఆ రోజుల్లో కౌన్సెలర్లనే మూడో రకం మనుషులు వెలిశారు. కంటి గురించి వాళ్లకు తెలిసిందల్లా ఆపరేషన్ ప్యాకేజీ ధర. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు అద్దాలు వదిలించే లేజర్ ఆపరేషన్ కోసం ఎగబడుతున్న కాలం కాబట్టి రాజ్యం ఈ కౌన్సెలర్లదే. జన్మలో మళ్లీ అద్దాలు ఉండవని నవ్వుతూ చెప్పేవారు. నలభై దాటినవాళ్లకూ అదే మాట, అదే నవ్వు.

నేను చేరిన కొద్ది వారాలకు ప్రసాద్ గారు వచ్చారు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గరి ఒక కోచింగ్ సెంటర్లో జావా ప్రోగ్రామింగ్ చెప్పేవారు. వయసు నలభై మూడు. మైనస్ మూడు నంబరు ఉండేది. నేను చేరక ముందే మా ఆసుపత్రిలో లేజర్ చేయించుకున్నారు. ఇప్పుడు పాత నల్ల ఫ్రేములో జీరో పవర్ అద్దాలు బిగించి ఇమ్మన్నారు. వేళాకోళం అనుకున్నాను.

"మా ఓనరు గొడవండీ. బ్యానర్ మీద నా ఫోటోలో అద్దాలున్నాయి. అవి లేకుండా డెమోకి వెళ్తే, ఆ సారు ఈయన కాదేమోనని పిల్లలు పక్క సెంటరుకు పోతున్నారంట."

డెమో అంటే ఫీజు కట్టకముందు ఉచితంగా వినే పాఠం. అది నచ్చితేనే బ్యాచ్ నిండుతుంది, బ్యాచ్ నిండితేనే మాస్టారి ఉద్యోగం నిలుస్తుంది. అద్దాలు వదిలించుకోవడానికి కంటి మీద లేజర్ పెట్టించుకున్న మనిషి, ఫ్లెక్సీలోని తన బొమ్మలా ఉండటానికి మళ్లీ అద్దాలు కొంటున్నాడు. గుండు కొట్టించుకుని సవరం బేరమాడినట్టుంది.

ఏ అద్దమిచ్చినా ముందు పరీక్ష చేయడం మా పద్ధతి. దూరపు చార్టు చివరి వరస దాకా గడగడా చదివారు. దినపత్రిక ఇస్తే మాత్రం తల వెనక్కి, చెయ్యి ముందుకి పోయాయి. ఆపరేషన్‌లో తప్పేమీ లేదు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ ఉన్నదే. దూరపు చూపు ఆనని మైనస్ నంబరువాళ్లు అద్దాలు తీసేసి హాయిగా చదువుకుంటారు. లేజర్‌తో నంబరు పోతే ఆ సౌకర్యమూ పోతుంది. ఈ ముక్క ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. పైన జీరో, కింద చదవడానికి ప్లస్ ఒకటి వేయించుకోమన్నాను. మధ్యలో గీత కనబడని ప్రోగ్రెసివ్ రకం ఉందనీ చెప్పాను.

ఆయనకు కోపమొచ్చింది. "మళ్లీ పవర్ అద్దాలే పెట్టుకునేదానికి ఆపరేషన్ ఎందుకండీ? జీరోయే వెయ్యండి."

పనికిరాని అద్దాలకు లేని నామోషీ పనికొచ్చేవాటికి వచ్చింది. కేసు షీటులో నా సలహా రాసి, ఆయన అడిగినవే ఇప్పించాను.

మరుసటి నెలలో ఆయన్ని సెంటరు ఓనరు మల్లేశమే వెంటబెట్టుకొచ్చాడు.

"అన్నా, జర ఈయన కండ్లు సూడు. డెమోల ప్రోగ్రాం టైపు చేస్తుండు, సెమీకోలన్‌కు కోలన్‌కు ఫరక్ తెలుస్తలేదు. ప్రోగ్రాం నడవలే. పోరగాళ్లు నవ్వుకుంట లేచిపోయిండ్రు. అద్దాలు పెట్టుకున్నంక సుత కనవడదా?"

ఆ అద్దాల్లో పవర్ లేదని నేనే చెప్పాను. వాటిని పెట్టించింది మీ బ్యానరేనని కూడా చెప్పాను. మల్లేశం ఆ అద్దాలు తీసుకుని తన కళ్లకు పెట్టి చూశాడు.

"గట్లనా. అయితే బ్యానరే మారుస్త."

అన్నంత పనీ చేశాడు. కొత్త బ్యానర్ మీద పాతికేళ్ల కుర్రాడి ఫోటో వచ్చింది, బ్యాచ్ కూడా అతడికే ఇచ్చారు. ప్రసాద్ గారు ఆ వారమే ప్లస్ ఒకటి వేయించుకున్నారు. మా హాల్లో కూర్చుని వాటితో ఆయన మొదట చదివింది పేపర్లోని ఉద్యోగ ప్రకటనలు. నాకు ఆయన మీద జాలికన్నా, ఆయన్ని అక్కడికి తెచ్చిన మా కౌన్సెలర్ల నవ్వుల మీద ఒళ్లుమంట ఎక్కువైంది.

అప్పటినుంచి నలభై దాటి లేజర్‌కు వచ్చిన ప్రతివారికీ పరీక్ష ఫ్రేములో దూరపు నంబరు పూర్తిగా బిగించి, దినపత్రిక చేతికిచ్చేవాణ్ణి. ఆపరేషన్ తరువాత దగ్గరి చూపు ఇలాగే ఉంటుందని చెప్పేవాణ్ణి. చాలామంది లేచి వెళ్లిపోయేవారు. కేసులు పోగొడుతున్నానని కౌన్సెలర్లు పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. నిజమే, పోయాయి. కంటికి నంబరు తేల్చే ముందు, మనిషి తను చూడటానికి వచ్చాడో, నలుగురికీ కనబడటానికి వచ్చాడో తేల్చుకోవాలి. రెండో రకానికి సరిపడే అద్దం మా వృత్తిలో లేదు.